గవదల గొలుసు

జబ్బు నుంచి బయటపడ్డవాళ్ళు రాసేవి నేను చాలా చదివాను. చివరికొచ్చేసరికి అందరినీ క్షమించేస్తారు. నేనింకా ఎవరినీ క్షమించలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. మా అమ్మాయి యామినికి పదమూడేళ్ళు, ఖోఖో ఆడుతుంది. గవదబిళ్ళలు వచ్చి తగ్గాక దానికి కుడి చెవి వినబడకుండా పోయింది. ఇక రాదని డాక్టరు చెప్పి నాలుగు నెలలు దాటింది. "గవదలే కదా, అదేమన్నా జబ్బా" అని మా వీధిలో ఇప్పటికీ అంటున్నారు. అలా అనేవాళ్ళ కోసం రాస్తున్నాను. ఆ మాట ఒకప్పుడు అందరికంటే గట్టిగా అన్నది నేనే.

మాది నగరి. ఇంటి ముందు భాగంలో నాలుగు కరెంటు మగ్గాలు, వెనక వంటిల్లు, పక్కన ఒక గది. పొద్దున ఆరింటికి మగ్గాలు వేస్తే మధ్యాహ్నం అన్నాలప్పుడు తప్ప ఆగవు. ఆ చప్పుడులో మాట్లాడుకోవడమంటే అరుచుకోవడమే. అరవడానికి ఓపిక లేకపోతే భుజం తడతాం, చేతులు ఊపుతాం. నా భర్త లోకనాథం మగ్గం దగ్గరినుంచి బొటనవేలు ఎత్తాడంటే టీ అడుగుతున్నట్టు. పుట్టినప్పటినుంచి యామిని ఆ సైగల మధ్యే పెరిగింది. మా ఇంట్లో ఒక మనిషి పిలిస్తే పలకకపోవడం వింతేమీ కాదు.

ఇక గొలుసు సంగతి. మా అత్త పోతూ పోతూ నాకు ఒక గుండ్ల గొలుసు ఇచ్చి పోయింది. మా వైపు పిల్లలకు గవదలు వస్తే మెడలో బంగారు గొలుసు వేస్తారు. వాపుకు బంగారం ఒరుసుకుంటే మూడు రోజుల్లో దిగిపోతుందని నమ్మకం. అందరి గొలుసులూ పనిచేయవట, మా దానికి రాశి ఉందట. వీధిలో ఏ బిడ్డకు దవడ వాచినా ఆ తల్లి వచ్చి మా గొలుసు అడిగి తీసుకుపోతుంది, తగ్గాక పసుపు నీళ్ళలో కడిగి తెచ్చిస్తుంది. ఎవరు తీసుకుపోయారో మేము బయట చెప్పకూడదు. అది మా అత్త పెట్టిన మర్యాద. ఆ లెక్కన వీధిలో ఎవరింట్లో గవదలున్నాయో డాక్టరుకంటే ముందు మాకే తెలుస్తుంది. తెలిసి నోరు మూసుకోవడం పెద్దరికం అనుకుని మా అత్త బతికింది. నేనూ అలాగే అనుకున్నాను.

కార్తీకం మొదటి సోమవారం పొద్దున విజయ వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడింది. ఎదురింటామె. ఆమె కూతురు హారికా, మా యామినీ ఒకే బడి, ఒకే ఖోఖో టీము.

"అక్కా, గొలుసు కావాల," అంది.

"ఎవురికి?"

"హారికకే. దవడ కింద రవ్వంత ఎత్తుగా ఉండాది. గవదలో, పన్ను నొప్పో తెల్దు. ఎందుకైనా మంచిదని."

నేను బీరువా తీసి గొలుసు తెచ్చి చేతిలో పెట్టాను. ఆమె వెంటనే పోలేదు.

"యాడా సెప్పొద్దక్కా. పీటీ సారుకు తెలిసిందంటే ఆటే ఆపేస్తాడు. సిత్తూరులో సెలెక్షన్లు ఇంక పన్నెండు దినాలే. నీ బిడ్డకైనా నష్టమే గదా."

ఆ చివరి మాట పడాల్సిన చోటే పడింది. నాకు ఆ సెలెక్షన్లంటే పిచ్చి. నేను పదో తరగతి పూర్తయ్యీ కాకముందే మగ్గాల గదిలోకి వచ్చిపడ్డాను. యామిని జిల్లా టీములోకి పోతే, ఆపైన స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తే, దాని బతుకు ఈ గదిలో తెల్లారదని నా ఆశ. దానికి అడ్డం వచ్చేది ఏదైనా సరే, నా కంటికి కనబడకుండా పోయేది.

గురువారం సాయంత్రం యామినిని తీసుకురావడానికి బడి దగ్గరికి పోయాను. గ్రౌండు అంచున సిమెంటు బల్ల మీద హారిక కూర్చుని ఉంది. మెడకు చున్నీ చుట్టుకుంది, చున్నీ కింద మా గుండ్ల గొలుసు మెరుస్తోంది. ఖోఖోలో చెవి పోగులు కూడా తీయించే సారు, ఆ గొలుసు తీయమని ఒకసారి అని ఊరుకున్నాడట. మొక్కు ఉందని హారిక చెప్పిందట. నగరిలో పుట్టి పెరిగిన మనిషికి ఆడపిల్ల మెడలో ఆటప్పుడు బంగారు గొలుసు ఎందుకుందో తెలియదంటే నేను నమ్మను. ఆయనకూ టీమే కావాలి. ఆడొద్దని పక్కన కూర్చోబెట్టాడు, ఇంటికి మాత్రం పంపలేదు. పిల్లలంతా ఆట మధ్యలో వచ్చి ఆ పిల్ల ఒళ్ళో ఉన్న బాటిలే ఎత్తి తాగుతున్నారు. యామిని కూడా తాగింది, తాగి హారికను ఒరుసుకుని బల్ల మీద కూర్చుని కబుర్లు మొదలుపెట్టింది. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. పిలిచి ఇవతలికి లాగడానికి ఒక నిమిషం పట్టేది. గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

శనివారం తల్లిదండ్రులను రమ్మని బడి నుంచి కబురొచ్చింది. నాలుగో తరగతిలో ఇద్దరు పిల్లలకు గవదలు తేలాయని, మా పేట నర్సు గ్రేసమ్మ బడికి వచ్చింది. వరండాలో పన్నెండు పదమూడు మందిమి నిలబడ్డాం. గ్రేసమ్మ మెల్లగా మాట్లాడే మనిషి. అంత మెల్లగా మాట్లాడేవాళ్ళ మీద అప్పట్లో నాకు చులకన.

"వాపు కనపడక ముందే అంటుకుంటుందమ్మా ఇది," అంది ఆమె. "ఎవరికి అంటిందో రెండు మూడు వారాలదాకా బయటపడదు. అందాకా ప్రాక్టీసు ఆపితే మంచిది. ఎవరింట్లోనన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి, తప్పేం లేదు."

విజయ నా వైపు చూసింది. నేను వాలీబాల్ స్తంభం వైపు చూశాను. పీటీ సారు గొంతు సవరించుకుని, "నాదేముందమ్మా, పిలకాయలు మీవాళ్ళు. ఆట ఆపాలంటే మీరే చేతులెత్తి చెప్పండి," అన్నాడు. బాధ్యత వదిలించుకోవడంలో ఆ సారు ఆరితేరినవాడు.

ఒకరిద్దరు తల్లులు చేతులెత్తబోయారు. అప్పుడు నేను మాట్లాడాను. మగ్గాల చప్పుడు మీద అరిచి అరిచి బలిసిన గొంతు నాది, వరండా అంతా నిండింది.

"గవదలు రాని పిలకాయలు యాడుండారు సార్? నాకొచ్చినాయి, మీకొచ్చినాయి, పోయినాయి. దానికోసరం ఆట మానిపిస్తారా? ఏం నర్సమ్మా, ఈ టీములో నీ బిడ్డలెవురన్నా ఉండారా?"

నలుగురు నవ్వారు. గ్రేసమ్మ నవ్వలేదు, కోప్పడనూ లేదు. పుస్తకం సంచిలో పెట్టుకుని, "మీ ఇష్టమమ్మా. నేను చెప్పాల్సింది చెప్పినాను," అని వెళ్ళిపోయింది. ప్రాక్టీసు ఆగలేదు.

చిత్తూరులో సెలెక్షన్లు బాగా జరిగాయి. ఖోఖో తెలియనివాళ్ళకు చెప్తాను. ఎనిమిది మంది వరసగా గళ్ళలో కూర్చుంటారు, ఒకరు ఇటు తిరిగి, పక్కవాళ్ళు అటు తిరిగి. తొమ్మిదో పిల్ల తరుముతూ వచ్చి వెనకనుంచి వీపు తట్టి "ఖో" అంటే కూర్చున్న పిల్ల లేచి పరిగెత్తాలి. యామిని గొప్పతనం దాని కాళ్ళలో లేదు, చెవుల్లో ఉంది. వెనక వచ్చే అడుగుల చప్పుడు బట్టి తన వంతు వస్తోందని ముందే పసిగట్టేది. చెయ్యి వీపు మీద పడేలోపల సగం లేచి ఉండేది. చిత్తూరులో చూసినవాళ్ళు అది చూసే దాన్ని తీసుకున్నారు. హారికను కూడా తీసుకున్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో విజయ నాకు మల్లెపూలు పెట్టింది.

ఆ తర్వాత తొమ్మిదో రోజు, సోమవారం, యామిని ఇడ్లీ నమలలేక పళ్ళెం పక్కన పెట్టింది. రెండు దవడలూ వాచాయి. విజయ అప్పటికే గొలుసు కడిగి తెచ్చిచ్చింది కాబట్టి బీరువాలోంచి తీసి మెడలో వేశాను. వేసేటప్పుడు నాకు భయం వేయలేదు. సెలెక్షన్లు అయిపోయాయి కదా, హమ్మయ్య అనుకున్నాను. సిగ్గుగా ఉన్నా అది రాయాల్సిందే. టీములో ఇంకో నలుగురికి కూడా వచ్చింది. ఐదు రోజులు జ్వరం, గంజి, ఏడుపు. ఆరో రోజుకు వాపు దిగింది. గొలుసు పనిచేసిందని నలుగురికీ చెప్పుకున్నాను.

జ్వరం ఉన్న రోజుల్లోనే ఒకసారి అది చెవి పట్టుకుని, "మా, చెవిలో గుయ్యిమని మోగతా ఉండాది," అంది. "మగ్గాలు ఆడతా ఉంటే మోగక ఏం చేస్తుంది, గమ్మున పడుకో," అన్నాను. మళ్ళీ రెండు రోజులకు తల తిరుగుతోందంది. తిండి లేక అన్నాను. ఆ తర్వాత అది చెప్పడం మానేసింది. పిలిస్తే పలికేది కాదు, నేను పోయి భుజం తట్టేదాన్ని. అందరమూ ఒకరినొకరు భుజాలు తట్టుకుంటూ బతికే ఇంట్లో అది నాకు తేడాగా కనబడలేదు. దీనికి మాత్రం నేనెవరినీ తిట్టలేను. మగ్గాలను తిట్టి ప్రయోజనం లేదు.

మళ్ళీ ప్రాక్టీసుకు పోయిన రెండో రోజు సారు దాన్ని గ్రౌండులోంచి పంపేశాడు. పక్క గడిలో పిల్లకు ఇచ్చిన ఖోకు ఇది లేచిందట. ఒకసారి కాదు, నాలుగుసార్లు. "జ్వరం వచ్చినాక పొగరు పట్టినట్టుండాది," అన్నాడట. ఇంటికొచ్చి ఏడుస్తుంటే నేనూ రెండు అంటించాను, మనసు పెట్టి ఆడమని.

మరుసటి రోజు పదకొండింటికి కరెంటు పోయింది. నాలుగు మగ్గాలూ ఒక్కసారిగా ఆగాయి. యామిని నాకు వీపు చేసి గదిలో కూర్చుని కండెలు చుట్టుకుంటోంది. మగ్గంలో వాడే నూలు కండెలు, మా ఇళ్ళలో పిల్లలు చేసే పని. నేను వంటింట్లోంచి దాని కుడిపక్క గుమ్మంలోకి వచ్చి, మామూలు గొంతుతో పిలిచాను. అది తల ఎత్తి ఎడమవైపు కిటికీ కేసి చూసింది. మళ్ళీ పిలిచాను. కిటికీ దగ్గరికి లేచిపోయి వీధిలోకి తొంగి చూసింది. నేను ఐదడుగుల దూరంలో ఉన్నాను. లోకనాథం మగ్గం దగ్గరినుంచి అంతా చూశాడు, నా ముఖం చూశాడు.

తిరుపతి పెద్దాసుపత్రికి మాతో గ్రేసమ్మ వచ్చింది. నేను పిలవలేదు, ముఖం చెల్లక. లోకనాథం పోయి చెప్పాడట. పొద్దున మొదటి బస్సుకు వచ్చి మా పక్కన కూర్చుంది. చెవి డాక్టర్ల వరండాలో ఐదు గంటలు. కొండ దిగి వచ్చిన గుండు కొట్టించుకున్నవాళ్ళు, చంకలో పిల్లలు, నేల మీద దుప్పట్లు. ఎక్కడినుంచో వచ్చిన ఒకామె లడ్డు ముక్క చేతిలో పెట్టి, "స్వామికి మొక్కుకోండి, అన్నీ ఆయనే చూసుకుంటాడు," అంది. "చూసుకునేవాడైతే ఇంతదాకా తేడు," అన్నాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోకుండా ముక్కను యామినికి ఇచ్చింది. గ్రేసమ్మ అప్పటికి మూడుసార్లు లోపలికి పోయి మా చీటీ ముందుకు జరిపించింది. ఆ వరండాలో ఆమె నన్ను ఒక్క మాట అని ఉంటే నాకు ఊపిరాడేది. "ఆకలేస్తుందా" అని తప్ప ఏమీ అడగలేదు. ఆమె తెచ్చిన చిత్రాన్నమే ముగ్గురం తిన్నాం.

పరీక్ష చేసే గదికి నాలుగు వైపులా మెత్తలు కొట్టి ఉన్నాయి. చప్పుడు లోపలికి పోదట. యామినికి చెవుల మీద హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటను ఇచ్చారు. శబ్దం వినబడితే నొక్కాలి. నేను అద్దం ఇవతల కూర్చుని దాని బొటనవేలునే చూస్తున్నాను. ఎడమ చెవికి పెట్టినప్పుడు వేలు టకటకా పడింది. కుడి చెవికి మార్చారు. వేలు కదలలేదు. పరీక్ష చేసేవాడు ఒక మీట తిప్పుతూ పోయాడు, ఇంకా తిప్పాడు. యామిని ఇంకా మొదలుపెట్టలేదేమో అన్నట్టు మా వైపు చూస్తోంది. దాని ముఖంలో ఆ ఎదురుచూపు నేను చచ్చేదాకా మరచిపోను.

"ఎన్ని రోజుల్నుంచి వినపడటం లేదు?" అని డాక్టరమ్మ అడిగింది.

"తెల్దు మేడం."

"తెలీకపోవడమేంటి? ఒకే ఇంట్లో ఉంటారు కదా."

మగ్గాలని చెప్పాను. ఆమె మాత్రలు రాసింది, నరం దెబ్బతిన్నదని, ఇంకా ముందు వచ్చి ఉన్నా వినికిడి నిలిచేదని ఖాయంగా చెప్పలేనని అంది. కొందరికి ఆ మాట ఓదార్పుగా ఉంటుందేమో, నాకు చిరాకేసింది. మాత్రలు అయిపోయాయి, మళ్ళీ పోయాం, మళ్ళీ ఆ గది, మళ్ళీ ఆ కదలని వేలు. ఇక రాదని అప్పుడు చెప్పింది.

రాష్ట్రం పోటీలకు యామిని బదులు ఇంకో పిల్ల పోయింది. హారిక పోయింది, ఆడింది, కప్పు తెచ్చుకుంది. హారికకు ఏమీ కాలేదు. అందుకు నాకు సంతోషమని రాస్తే అబద్ధం. విజయ ఒకసారి పలకరించడానికని వచ్చి, "మేము తొలి దినమే గొలుసు ఏసినాము గదక్కా. మీరు రవ్వంత లేటు చేసినట్టుండారు," అంది. చేతిలో చెంబు ఉంది, విసరకుండా కిందపెట్టాను. పీటీ సారు దారిలో కనబడి, "నేను చేతులెత్తమనే గదమ్మా అన్నా," అన్నాడు. నిజమే, చెయ్యెత్తనిది మేమే. నిజం చెప్పేవాళ్ళ మీద కూడా కోపం వస్తుందని ఆ రోజు తెలిసింది.

లోకనాథం నాతో రెండు నెలలు మాట్లాడలేదు. మగ్గాల ఇంట్లో మాటలు లేకపోయినా పని నడుస్తుంది, టీకి బొటనవేలు ఎత్తేవాడు, నేను ఇచ్చేదాన్ని. వీధిలో ఎవరికీ తెలియలేదు. అతనికి గొలుసు సంగతి తెలుసు. ఆ సోమవారం విజయ వచ్చినప్పుడు మగ్గం దగ్గరినుంచి చూశాడు. ఒకే ఒక్కసారి అన్నాడు, "నేనూ చూసినా, నేనూ గమ్మునున్నా" అని. అప్పటినుంచి మళ్ళీ మాటలు మొదలయ్యాయి. యామినికి మాత్రం మేమిద్దరమూ చెప్పలేదు.

మొన్న వేసవి సెలవుల ముందు, పై వీధి రేవతి వచ్చింది గొలుసుకు. కొడుకు దవడ వాచిందట, పొద్దున క్రికెట్ కోచింగుకు పోతాడట. మధ్యాహ్నం, మగ్గాలు ఆడుతున్నాయి. యామిని గదిలో కండెలు చుడుతోంది.

"గొలుసు ఇస్తా. ముందు కోచింగులో చెప్పిరా, పిల్లోన్ని ఇంట్లో పెట్టు," అని అరిచాను.

"అదేంది వదినా, ఎప్పుడూ లేంది?"

"ఇప్పుడుండాది."

రేవతికి రోషం వచ్చింది. ఆమెకూ నాలాంటి గొంతే. "ఆ పొద్దు విజయకు ఇచ్చినప్పుడు యాడ చెప్పినావు? వరండాలో అంత నోరు పెట్టుకొని అరిచినావు గదా, అప్పుడేమైంది ఈ నీతి?" అంది. విజయే చెప్పి ఉంటుంది. మా అత్త పెట్టిన మర్యాదను అంత బాగా పాటించింది నేనొక్కదాన్నే కాబోలు. రేవతి గొలుసు లేకుండానే వెళ్ళిపోయింది. నేను బడి వాళ్ళకూ, ఆ కోచింగు ఆయనకూ ఫోను చేసి చెప్పాను. రేవతి నాతో ఇప్పుడు మాట్లాడదు. మాట్లాడకపోతే పోనీ.

యామిని ఆ మాటలు విన్నదో లేదో తెలియలేదు. తల వంచుకుని కండె చుడుతూనే ఉంది. ఇంకొకరి నోటినుంచి తెలిసే లోపల చెప్పేయాలని దాని పక్కకు పోయి కూర్చున్నాను. కుడిపక్కన కూర్చున్నాను. ఖాళీ అక్కడ ఉంది కాబట్టి అని నాకు నేను చెప్పుకున్నాను. మగ్గాల చప్పుడులో, మామూలు గొంతుతో, దాని చచ్చిపోయిన చెవిలోకి అంతా చెప్పాను. విజయ రావడం, గొలుసు ఇవ్వడం, గేటు దగ్గర నిలబడి చూడడం, వరండాలో స్తంభం కేసి చూడడం. చెప్పేశాక బరువు దిగుతుందనుకున్నాను.

యామిని కండెలు చుట్టే చక్రం ఆపి నా పెదాల వైపు చూసింది.

"ఏందో చెప్తా ఉండావు. ఈ పక్క యినపడదు గదా. ఎడం పక్కకొచ్చి చెప్పుమా," అంది.

లేచి, కండెల బుట్ట జరిపి, ఎడమపక్కన కూర్చున్నాను. మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఈసారి చాలాసేపు పట్టింది. అది చివరిదాకా విని, దారం కొన వేలికి చుట్టుకుంది.

"గొలుసు సంగతి నాకు తెలుసుమా," అంది. "తొలి దినమే గ్రౌండులో హారిక మెడలో చూసినా. మన గొలుసే అని గుర్తుపట్టినా. సారు దాని దగ్గరికి పోవద్దన్నాడు, అందరూ దూరంగా కూసున్నారు మొదట. మా అమ్మే ఇచ్చిందంటే భయంలేదులే అని నేనే పోయి దాని పక్కన కూసున్నా. నన్ను చూసే మిగతావోళ్ళు వచ్చినారు."

అది కండె తీసి బుట్టలో వేసి, ఇంకొకటి పెట్టుకుంది.